ఐదు చుక్కల ఖాతా గారికి

మా గ్రూపులో ప్రతి వస్తువుకూ ఐదు చుక్కల రివ్యూ రాసే, మనిషి కాదు బాట్ (ప్రోగ్రామ్ నడిపే ఖాతా) అని నేను అనుమానిస్తున్న, పేరు చివర ఎనిమిది అంకెల తోక ఉన్న ఖాతా గారికి,

నిజాంపేట నుంచి మీ సాటి సభ్యుడు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి.

నిజానికి మీ క్షేమం అడగక్కర్లేదు. మీ ఇంట్లో ఏ వస్తువూ చెడిపోదు. మీ నెట్ ఆగదు. సర్వీస్ సెంటర్ వాళ్లు మీరు ఫోన్ చేసిన రోజే వచ్చి, నవ్వుతూ బాగుచేసి, డబ్బులు వద్దంటారు. ఖాతా తెరిచి నెల తిరగలేదు, ఈపాటికే మూడు వాషింగ్ మెషీన్లు, రెండు రౌటర్లు, ఒక గేమింగ్ కుర్చీ, ఒక రోబో చీపురు వాడేసి అన్నిటికీ ఐదు చుక్కలిచ్చారు. మూడు మెషీన్లకు సరిపడా మాసిన బట్టలు రోజూ ఎక్కణ్ణుంచి తెస్తున్నారండీ? అమీర్‌పేటలో హాస్టల్ ఏమైనా నడుపుతున్నారా?

మా గ్రూపు సంగతి మీకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో ఉండే కొన్ని వందల మందిమి వీడియో గేముల గురించీ, ఇంటికి కొన్న ఎలక్ట్రానిక్ సామాన్ల గురించీ కొట్టుకు చావడానికి పెట్టుకున్నది. ఇక్కడ మనిషన్నవాడు ఒక వస్తువు గురించి చెప్పాలంటే ముందు కొరియర్ వాణ్ణి తిడతాడు, తర్వాత వస్తువును, ఆ తర్వాత దాన్ని కొనమన్న బావమరిదిని. అన్నీ అయ్యాక, "అయినా పర్లేదు, కొనొచ్చు" అంటాడు. ఆ చివరి ముక్క కోసమే మేం తిట్లన్నీ ఓపిగ్గా చదువుతాం. మీరు ఎకాఎకిన చివరి ముక్కతో మొదలుపెట్టి, ఆసాంతం అదే చెబుతారు.

రోబో చీపురు మీద మీరు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. సెన్సర్లు, లేజర్ మ్యాపింగ్, బ్యాటరీ సామర్థ్యం అన్నీ ఉన్నాయి. గడప లేదు. ఈ యంత్రాలు చాలావరకు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటితే గొప్ప. పూజగదికి వేయించిన టేకు గడప దగ్గరికొచ్చేసరికి అది తల కొట్టుకుని, పసుపు అంటించుకుని, వెనక్కి తిరుగుతుంది. శుక్రవారం ఇంకా బాగుంటుంది. లోకంలో ఎవరైనా అలికి ముగ్గు పెడతారు. తడిగుడ్డ ఉన్న మోడల్ ముగ్గు పెట్టాక అలుకుతుంది, అదీ హాలు నుంచి బాల్కనీ దాకా. మీ ఇంట్లో ముగ్గు లేదా? పోనీ, ఆ అలుకుడు చూసి శాపనార్థాలు పెట్టే అమ్మ లేదా? బ్రష్షుకు చుట్టుకున్న పొడుగాటి వెంట్రుకలు, లోపల ఇరుక్కున్న పిన్నీసు, ఇవేవీ తగలకుండా అంత పొడుగు వ్యాసం రాయడం మాబోటివాళ్ల వల్ల కాదు.

మీ ఏసీ కూడా అంతే. మా వైపు ఏసీ చావుకు ఒక ముఖ్య కారణం బల్లి. బయటి యూనిట్లోకి దూరి సర్క్యూట్ బోర్డు మీద పడుకున్న బల్లి, తను పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది. మెకానిక్ ఆ ఎండు బల్లిని స్క్రూడ్రైవర్ కొసన ఎత్తి చూపించి, "ఇది వారంటీలో రాదు సార్" అంటాడు. మీ ఇంట్లో బల్లుల్లేవు. బోరు నీళ్లు లేవు, కాబట్టి గీజర్ కాయిల్‌కు తెల్లగా సున్నం పట్టదు. కరెంటు పోదు, కాబట్టి ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ ఆరిపోయి, అది మళ్లీ లేచేసరికి ఆటలో మీ శవాన్ని ఎవడో దోచుకుపోవడం మీకు అనుభవంలో లేదు. అందుకే, ఇన్వర్టర్‌ను, కరెంటు పోగానే చప్పున అందుకునే యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోమనో, రౌటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ తగిలించుకోమనో చెప్పే ఒక్క పనికొచ్చే మాట మీ రాతల్లో ఎంత వెతికినా దొరకదు.

భౌతికశాస్త్రం కూడా మీకు మినహాయింపు ఇచ్చినట్టుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది, 2.4 నెమ్మదే గానీ గోడ దాటుతుంది. ఏ గదిలో ఏ మూల మంచానికి ఏ పక్కన కూర్చుంటే ఆట ఆగకుండా నడుస్తుందో మా ఫ్లాట్లలో ఐదో తరగతి పిల్లలకు తెలుసు. మీకు మూడు గోడల అవతల కూడా 5లో ఫుల్ సిగ్నల్. సెకనుకు అరవై ఫ్రేములే చూపగల 60 హెర్ట్జ్ టీవీలో 120 ఫ్రేములు కళ్లారా చూశారట. పైగా ఆ టీవీని కోఠి గుజరాతీ గల్లీలో పొద్దున ఎనిమిదింటికి కొన్నారట! ఆ వేళకు అక్కడ షట్టర్లు, వాటి ముందు పడుకున్న కుక్కలు తప్ప ఏముంటాయండీ? పదకొండుకు ముందు హైదరాబాద్‌లో షాపు తెరిపించిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆటల దగ్గర మరీ తొందరపడ్డారు. 2022 డిసెంబర్‌లో ప్లే స్టోర్ నుంచి బీజీఎంఐ (పబ్జీకి మన దేశపు రూపం) దించుకుని, ఆ రాత్రే మొదటి చికెన్ డిన్నర్, అంటే మొదటి గెలుపు, కొట్టానన్నారు. ఆ ఆట 2022 జూలై చివర్లో స్టోర్ల నుంచి మాయమై, మళ్లీ 2023 మే నెలాఖరుకు గానీ రాలేదు. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు ఎక్కడ కూర్చుని ఆ వార్త విన్నారో మా వీధి కుర్రాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇలాంటి తేదీలు మనిషికి మర్చిపోదామన్నా మరుపు రావు. కూకట్‌పల్లిలో ఇంట్లోనే కూర్చుని, ఫోన్లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడి స్కూటీ కొన్నానని ఇంకోచోట రాశారు. పందెం కాసే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసి డబ్బుల ఆటలను దేశమంతటా కట్టేయమంది. ఆ స్కూటీకి నంబరు ప్లేటు ఎవరిచ్చారో కనుక్కోవాలని ఉంది.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఎవరైనా ఆట మీద అభిప్రాయం రాస్తే, అతను దాన్ని ఎన్ని గంటలు ఆడాడో పక్కనే కనబడుతుంది. "చెత్త ఆట, ఎవరూ కొనకండి" అని రాసినవాడి పక్కన రెండు వేల గంటలు ఉంటుంది. నమ్మితే అలాంటివాణ్ణి నమ్మాలి. మిక్సీలకు కూడా ఈ మీటర్ ఉంటే, ఈ సభ్యుడు ఇందులో అల్లం వెల్లుల్లి ఎన్నిసార్లు రుబ్బాడో లోకానికి తెలిసేది. అన్నట్టు, కాంట్రా సంగతి. చిన్నప్పుడు టీవీకి తగిలించిన క్యాసెట్ గేములో అది ఆడినవాడి ముందు "పైకి, పైకి, కిందికి, కిందికి" అంటే చాలు, ముప్పై ప్రాణాల కోడ్‌లో మిగతాది వాడి బొటనవేళ్లే పూర్తి చేస్తాయి. మిమ్మల్ని అడిగితే, "కాంట్రా చక్కటి గ్రాఫిక్స్ గల ఆట, కుటుంబ సమేతంగా ఆడదగినది" అన్నారు.

మీ బంధువర్గంలో ఇంకో రకం ఉంది. ఎనిమిదేళ్లుగా గోంగూర పచ్చడి, కార్తీక దీపాల ఫొటోలు పెట్టిన ఖాతా ఒకరోజు తెల్లారేసరికి స్మార్ట్ తాళాల్లో నిపుణురాలైపోతుంది. కొత్త ఖాతాలను మేం అనుమానిస్తామని తెలిసి, వయసు మీరిన వాటిని కొనుక్కునో కొట్టేసో వాడుకుంటున్నారు. పాస్‌వర్డ్ పోగొట్టుకున్న ఆ గోంగూర పిన్నిగారు తన ఫొటోల కోసం ఎవరిని బతిమాలుతున్నారో ఏమో.

మీలాంటివారి కోసమే, వస్తువులకు ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారు 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. రాసిన మనిషి ఉన్నాడో లేడో చూసుకోవాలి, డబ్బిచ్చి రాయించిన రివ్యూలు పెట్టకూడదు అన్నది దాని సారం. ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అభిప్రాయానికి ఈ ప్రమాణం మాత్రం స్వచ్ఛందమన్నారు. కుక్కర్ పేలితే చప్పుడొస్తుంది కదా.

మీలో కొందరు చుక్కలతో ఆగరు, విడిగా మెసేజ్ పెడతారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల రూపాయల మోసంలో ఎర అదే: టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ పని, రేటింగులివ్వండి, డబ్బులిస్తాం. మొదట కాస్త నిజంగానే ఇస్తారు, తర్వాత లక్షలు కట్టించుకుంటారు. అంటే ఒక్కోసారి మీ వెనక కూర్చుని చుక్కలు నొక్కుతున్నది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడు కావచ్చు. అతన్ని వెక్కిరించను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమంటాను.

నా అసలు ఫిర్యాదు మా బాబాయి గురించి. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై వనస్థలిపురంలో ఉంటారు. దేన్నీ మెచ్చుకోని ఆ మనిషికి ఒక సీలింగ్ ఫ్యాను నచ్చింది. పాత ఫ్యాను 75 వాట్లు, ఈ బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు) ఫ్యాను సుమారు 30 అని, కరెంటు బిల్లులు ముందేసుకుని లెక్కగట్టి, ఒక్క తప్పు లేకుండా, వాక్యం చివర చుక్కతో సహా రాశారు. పది నిమిషాల్లో గ్రూపంతా మీద పడింది. "బాట్", "ఎంతిచ్చారు అంకుల్", "కంపెనీ మనిషి". ఆయన ఆనాటి పేపరు పట్టుకుని ఫ్యాను కింద నిలబడి, పిన్ని చేత ఫొటో తీయించి పెట్టారు. కంప్యూటర్ గీసిన బొమ్మ అన్నారు. వీడియో పెడితే, ఇంత నిశ్శబ్దంగా ఏ ఫ్యానూ తిరగదు, ఎడిటింగ్ అన్నారు. ఇప్పుడాయన ఏం రాసినా కావాలని రెండు అక్షరాలు తప్పు రాసి, మధ్యలో ఆయన నోట నేనెప్పుడూ వినని తిట్టొకటి వేస్తున్నారు, మనిషేనని నమ్మించడానికి. మీరేమో ఈ మధ్య "కిరాక్ ఉంది మామా" అంటూ మొదలుపెడుతున్నారు.

మనిషో కాదో తేల్చడానికి ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమనే పరీక్షలు మీకు లెక్కలేదు కాబట్టి, అడ్మిన్ గారితో మాట్లాడి కొత్త పరీక్ష పెట్టించాను. ఇకమీదట ఏ వస్తువు గురించి రాసినా, దాని అట్టపెట్టె ఏ అటక మీద దాచారో, రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తీశారో లేదో చెప్పాలి. ఆపైన, ఇంట్లో ధర ఎంతని చెప్పారు? గేమింగ్ కన్సోల్ కొన్న ప్రతి సంసారీ ఈ ప్రశ్నకు ఒక అంకె సిద్ధంగా ఉంచుకుంటాడు. మీ అంకె బిల్లులో ఉన్న ధరతో సరిపోయిందంటే, మిమ్మల్ని ఆ నిమిషమే తీసేస్తారు.

ఇట్లు,
బిల్లు భద్రంగా దాచుకున్న మీ సాటి సభ్యుడు