ముందు ఆవిరి, తర్వాతే నరకాలు

జపాన్‌లోని క్యూషూ దీవిలో ఉన్న బెప్పూకు ఒక్కరోజు వెళ్లొచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. దిగీదిగగానే ‘జిగోకు’లు చూడ్డానికి పరిగెడతారు. నరకాలని పేరుపడ్డ మరిగే గుండాలవి. ఆకలేశాక, ఏ ఒంటిగంటకో నేలలోంచి వచ్చే ఆవిరితో వండుకునే వంటశాలకు చేరతారు. సెలవు రోజైతే అప్పటికే గంటకు పైగా వేచి ఉండాలి. వీధి తిండి అంటే అడగ్గానే చేతికందేది అన్న లెక్క ఇక్కడి కన్నవా పేటలో చెల్లదు. రోజంతటినీ తిండి చుట్టూనే అల్లుకోవాలి.

బెప్పూలో వేడినీటి ఊటలు రెండు వేలకు పైమాటే. కన్నవాలో కాలవ మూతల సందుల్లోంచి కూడా పొగలు లేస్తుంటాయి. దాదాపు 100 డిగ్రీల వేడితో నేలలోంచి తన్నుకొచ్చే ఆవిరిని గొట్టాలతో మళ్లించి గుంత పొయ్యిల్లోకి వదులుతారు. ఆ వంటే జిగోకు-ముషి. మన ఆవిరి కుడుము సూత్రమే, కాకపోతే ఎసరూ అక్కర్లేదు, మంటా అక్కర్లేదు. సెగ తగ్గించే వీలు వండేవాళ్లకు ఉండదు కాబట్టి, ఎంతసేపు ఉంచాలన్నదే అసలు నేర్పు.

2010లో తెరిచిన ‘జిగోకు-ముషి కోబో కన్నవా’లో ఎవరి వంట వాళ్లు చేసుకోవచ్చు. పొయ్యికి నిమిషాల లెక్కన అద్దె. సరుకులు అక్కడే కొనొచ్చు, వెంట తెచ్చుకున్నా అభ్యంతరం లేదు. తట్టలో సర్దుకుని, మందపాటి గ్లౌజులు తొడుక్కుని, తట్టను పొయ్యిలోకి దించి మూత వేయాలి. మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు ఎత్తాలి. మనవైపు ఎత్తితే ఆవిరంతా మొహానికే కొడుతుంది. ఫోన్‌తో వీడియో తీసే పని పక్కవాళ్లకు అప్పగించడం మేలు.

వంట చెడేది మాత్రం తట్ట సర్దుకునేటప్పుడే. అన్నీ ఒకే తట్టలో పెట్టి ఒకేసారి దించితే క్యాబేజీ పేస్టవుతుంది, చిలగడదుంప నడిమి గట్టిగానే ఉండిపోతుంది. సుమారుగా చెప్పాలంటే, చిలగడదుంపకు 30 నిమిషాలు, మొక్కజొన్నకూ గుమ్మడికీ 20, రొయ్యలకు 15 పడతాయి. క్యాబేజీకి పది చాలు. గుడ్డు లోపల జారుగా కావాలంటే ఎనిమిది. దుంపను వేలి మందాన చక్రాలుగా కోస్తే సమయం బాగా తగ్గుతుంది. లేదంటే రెండు తట్టలు అడిగి, ఆలస్యంగా ఉడికేవి ముందు దించాలి. ఉడికాక సాస్ గుమ్మరించకుండా ఒక ముక్క రుచి చూడండి. ఇక్కడి ఆవిరి లేతగా ఉప్పదనం పట్టిస్తుందని స్థానికులంటారు.

పీతలున్న పెద్ద సరుకుల సెట్ మీద పర్యాటకులకు మోజెక్కువ. పెట్టిన డబ్బుకు తగ్గ రుచి మాత్రం చవకగా దొరికే గుడ్లు, దుంపలు, మొక్కజొన్నలోనే ఉంది. పీత ఏ గిన్నెలో ఉడికించినా పీతే. శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి: అదే పొయ్యిలో అంతకుముందు చేపలో పంది మాంసమో ఉడికి ఉంటాయి, అక్కడిచ్చే సాసుల్లో చేప సారం ఉండొచ్చు. సంచిలో కాస్త ఉప్పూకారం, కందిపొడి ఉంటే బాధ లేదు. పులుపుకు ఈ ప్రాంతపు కబోసు కాయ మన నిమ్మకు ఏమాత్రం తీసిపోదు.

ఫుకువోకా నగరంలోని హకాతా స్టేషన్ నుంచి సోనిక్ ఎక్స్‌ప్రెస్ రైలు రెండు గంటలు, బెప్పూ స్టేషన్ నుంచి కన్నవాకు బస్సు ఇరవై నిమిషాల పైచిలుకు. పదింటికి వంటశాల తెరిచే వేళకు అక్కడుంటే పన్నెండులోపు తినడం అయిపోతుంది. నరకాలు సాయంత్రం ఐదింటిదాకా తెరిచే ఉంటాయి. ఏడింటిలో ఐదు కన్నవాలోనే, నడిచి చూడొచ్చు. మిగతా రెండింటికీ బస్సెక్కాలి. ఒక్కరోజు ప్రయాణానికి నీలి రంగు ఉమి, కమాదో అనే రెండు నరకాలు చాలు.

మిగిలిన సమయం బెప్పూలోనే ఉన్న మరో వేడినీటి ఊటల పేట మ్యోబాన్‌కు ఇవ్వండి. గడ్డి గుడిసెల్లో స్నానపు లవణం పండించే పద్ధతి అక్కడ ఇంకా సాగుతోంది. 2006లో దానికి జాతీయ స్థాయి జానపద వారసత్వ గుర్తింపు దక్కింది. అక్కడి ఆవిరి పుడ్డింగ్‌లో అడుగునున్న క్యారమెల్‌ది చేదు రుచి, కలిపి తింటేనే బాగుంటుంది. గంధకపు గాలికి వెండి నల్లబడుతుంది కాబట్టి పట్టీలు, మెట్టెలు ముందే తీసి దాచుకోవాలి.

రాత్రికి బెప్పూ సొంత వంటకం తోరితెన్, అంటే పిండిలో ముంచి వేయించిన కోడి ముక్కలు. దాని పుట్టిల్లుగా చెప్పే తోయోకెన్ హోటల్ 1926 నాటిది. పులుపు సాస్‌లో ఆవ ముద్ద కలిపి, ముక్క అంచు మాత్రమే ముంచి, వేడిమీదే తినేయాలి. పొట్లం కట్టించుకుని రైలెక్కితే ఆ కరకర హకాతా దాకా ఆగదు.