లేజర్‌కు చిక్కిన బ్యాక్టీరియాని ఏం అడగాలి?

భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ వైరస్‌ల కోసం లేజర్ వెలుగుతో వల వేస్తే బ్యాక్టీరియా వచ్చి పడింది. బాగా కేంద్రీకరించిన లేజర్ సూక్ష్మ కణాలను కదలకుండా పట్టి ఉంచగలదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఆయన పొగాకు మొజాయిక్ వైరస్ కలిపిన నీటిని లేజర్ కింద పెట్టి చూస్తున్నారు. కొన్నాళ్లు నిలవ ఉన్న ఆ నీటిలోంచి ఏవో కణాలు వాటంతట అవే ఈదుకుంటూ వచ్చి వెలుగులో ఇరుక్కున్నాయి. అవి బ్యాక్టీరియా అని తేలింది. పచ్చ లేజర్ తీవ్రత పెంచితే చచ్చిపోయేవి. పరారుణ లేజర్‌కు మారాక మాత్రం పట్టులో ఉండగానే రెండుగా చీలి పెరిగాయి. ఈ ఫలితాలు 1987లో వెలువడ్డాయి. ఇలా వెలుగుతో పట్టే పద్ధతికి 2018లో, 96 ఏళ్ల వయసులో ఆష్కిన్‌కు నోబెల్ వచ్చింది.

అంటే పట్టుకోవడం ఎప్పుడో నేర్చుకున్నాం. గుర్తుపట్టడం దగ్గరే తిప్పలు.

గుర్తింపుకు ఆధారం 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావం. అణువులను తాకిన వెలుగులో అతి కొద్ది భాగం, కోటి ఫోటాన్లకు ఒకటి చొప్పున, రంగు మార్చుకుని బయటికొస్తుంది. అంత పలుచని సంకేతం పోగవ్వాలంటే కణం కొన్ని సెకన్లయినా కదలకూడదు. లేజర్ పట్టు పనికొచ్చేది అందుకే. అప్పుడు తెరమీద ఒక్కో రకం అణువుకు ఒక్కో గీత లేస్తుంది. రంగు ఎంత మారిందో చెప్పే కొలతను తరంగసంఖ్య అంటారు. 1004 తరంగసంఖ్య దగ్గర సన్నగా నిలబడేది ప్రోటీన్లలో ఉండే ఫినైలాలనిన్. 1017 దగ్గర పొడుగ్గా కనిపిస్తే అది కాల్షియం డిపికోలినేట్, అంటే చిక్కింది స్పోర్, గట్టి పెంకులో నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియా రూపం అన్నమాట.

స్పోర్ సంగతి తేలికే. దగ్గరి చుట్టాలైన రెండు జాతులను విడదీయడం అలా కాదు. ప్రోటీన్లు, కొవ్వులు, డీఎన్ఏ దాదాపు ఒకేలా ఉంటాయి, గీతల ఎత్తులో తేడా వెంట్రుకవాసి. ఒకే జాతి కూడా తిన్న ఆహారాన్ని బట్టి, వయసును బట్టి మారిపోతుంది. 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 30 రకాల సూక్ష్మజీవుల రామన్ గీతలతో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. అవి లేజర్‌తో పట్టినవి కావు, పలకమీద ఆరబెట్టినవి. రకాన్ని గుర్తించడంలో కచ్చితత్వం 82 శాతం దాటింది. ఏ యాంటీబయాటిక్ వాడాలో చెప్పడంలో 97 శాతం.

నాకు ఆ రెండో అంకె ముఖ్యం. పడకమీద జ్వరంతో వణుకుతున్న మనిషికి ముందుగా కావాల్సింది పనిచేసే మందు. ఇప్పటి పద్ధతిలో రక్తంలోని క్రిమిని పెంచడానికి ఒక రోజు, మందుకు లొంగుతుందో లేదో చూడటానికి ఇంకో రోజు పోతోంది. కణానికి భారజలం, అంటే డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు ఇచ్చి చూస్తే, బతికి పనిచేస్తున్నది అందులోని డ్యుటీరియాన్ని ఒంట్లో కలుపుకుంటుంది, రామన్‌లో కొత్త గీత లేస్తుంది. మందు వేశాక కూడా ఆ గీత వస్తూనే ఉంటే మందు పారలేదనే. అయితే పట్టుకున్న లేజర్ కూడా కణాన్ని కొంత దెబ్బతీస్తుంది. కణం నీరసిస్తే అది మందువల్లా, వెలుగువల్లా? మందు వేయని కణాన్ని అంతేసేపు పట్టి పోల్చకుండా ఇచ్చే ఫలితాన్ని నేనైతే నమ్మను.

ఇంతకన్నా పెద్ద అడ్డంకి లేజర్ దాకా రాకముందే ఉంది. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు 500 కోట్ల ఎర్రకణాలుంటాయి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) రోగి రక్తంలో బ్యాక్టీరియా ఒక్కోసారి మిల్లీలీటరుకు ఒక్కటి కూడా దొరకదు. ఆ ఒక్కదాన్ని చావకుండా వేరుచేసి వెలుగు కిందికి తెచ్చే పనికి, లేజర్లకు పెడుతున్నంత శ్రద్ధ, డబ్బు పెట్టాలి.