ఎర్ర మూత పెడితే బ్రేకు పడదు బావగారూ

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపు మ్యూట్ చేసి వచ్చాను. చేతులకి ఇంకా గ్రీజు వదల్లేదు, ఫోన్ మీద వేళ్లు జారుతున్నాయి, అక్షరాలు తప్పులు పోతే సర్దుకుని చదువుకోండి.

సంగతేంటంటే, నిన్న ఆటోనగర్ వెళ్లి మా మారుతీ 800కి బ్రేక్ బూస్టర్ తెచ్చాను. కొత్తది కాదు, తుక్కుకి పోయిన ఇంకో 800 లోంచి ఊడదీసింది, బూస్టర్‌తో వచ్చిన తర్వాతి మోడల్. మాది నాన్న 1998లో కొన్న కార్బొరేటర్ బండి, దానికి బూస్టర్ లేదు. ఇవాళ మేస్త్రి వచ్చి పని మొదలుపెట్టాడు, మధ్యలో టీకి ఆగినప్పుడు బూస్టర్‌ని పేపర్ మీద పెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పెట్టడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. రెండు నిమిషాల్లో బావగారి మెసేజ్. "చచ్చిన బండి సామాను పెడితే నీ బండి కూడా దాని దగ్గరికే పోతుంది, ఒక కొత్త కారు కొనుక్కోవయ్యా." కింద పదకొండు నవ్వు బొమ్మలు. అందులో ఒకటి మా ఆవిడది.

బూస్టర్ లేని 800 నడిపినవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పెడల్ రాయిలా ఉంటుంది. బెజవాడలో ఆటో ఎక్కడ మనిషి చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది, వెనక ఎవడున్నాడో దానికి అనవసరం. పోయిన నెల బెంజి సర్కిల్ దగ్గర ఒక ఆటో అలాగే ఆగింది. నేను కాలితో తొక్కలేదండీ, సీట్లోంచి నడుం పైకెత్తి బ్రేకు మీద నిలబడ్డాను. పక్క సీట్లో మా అమ్మ కూడా తన వైపు లేని బ్రేకు తొక్కేసింది. జానెడు దూరంలో ఆగాం. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లాడు నాకు టాటా చెప్పాడు. ఆ రాత్రే అనుకున్నా, ఇంక బూస్టర్ పెట్టాల్సిందేనని.

బూస్టర్ అంటే అంతరిక్షం నుంచి దిగిన వస్తువేం కాదు. మూకుడంత నల్లటి డబ్బా, లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర. ఇంజన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్ నుంచి ఒక గొట్టం వచ్చి ఆ డబ్బాలో గాలి పీల్చేస్తుంది. మనం పెడల్ నొక్కగానే ఒక పక్కకి బయటి గాలి దూరి డయాఫ్రమ్‌ని తోస్తుంది, మన కాలికి తోడవుతుంది. అంతే. టైరు పట్టు పెరగదు, బండి విమానం అయిపోదు, అది నాకూ తెలుసు. కాలికి శ్రమ తగ్గుతుంది, గాభరాలో సగం నొక్కి ఆగిపోకుండా పూర్తిగా నొక్కగలుగుతాం.

ఇక "చచ్చిన బండి సామాను" సంగతి. నేనేమన్నా కళ్లు మూసుకుని ఏరుకొచ్చానా? మొత్తం మూడు బూస్టర్లు చూశాను. మొదటిదాని మీద మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని చక్రాలకి తోసేది) విప్పించి, అది కూర్చునే చోట వేలు పెట్టి రాస్తే తడి. అంటే మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారి ఫ్లూయిడ్ బూస్టర్‌లోకి దిగుతోందన్నమాట, డయాఫ్రమ్ పాడైపోయి ఉంటుంది, పక్కన పెట్టేశాను. రెండోదాని డబ్బాకి సొట్ట. మూడోది పొడిగా ఉంది. దాని గొట్టంలో ఉండే వన్ వే వాల్వ్ తీసి నోట్లో పెట్టుకుని ఊది చూశాను, ఒక వైపు గాలి పోయింది, రెండో వైపు పోలేదు. సాయంత్రం దాకా నోట్లో ఆ పాత పెట్రోలు వాసనే. కొట్టు భాయ్ నన్ను చూసి "అన్నా, ఇంత చూసుకునేవాడివి పెళ్లి కూడా ఇలాగే చేసుకున్నావా" అన్నాడు. ఆ ప్రశ్న ఇప్పుడు వద్దులెండి, మా ఆవిడ కూడా ఈ పోస్ట్ చదువుతుంది.

బూస్టర్, పెడల్ బ్రాకెట్, మాస్టర్ సిలిండర్ మూడూ ఒకే బండిలోవి తెచ్చుకున్నా, ఒకదానికొకటి కుదురుతాయని. 1,800 అడిగితే 1,500కి ఇచ్చాడు. కాలిపర్లు (ముందు చక్రాల డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టేవి) కూడా తెద్దామనుకున్నా గానీ పిస్టన్ బయటికి లాగి చూస్తే తుప్పు గుంటలు, వదిలేశాను. ఇక బూస్టర్ లోపల ఉన్నది తప్ప రబ్బరు అన్నది ఒక్కటి కూడా పాతది తేలేదు. మాస్టర్ సిలిండర్ సీల్ కిట్ కొత్తది, వాక్యూమ్ గొట్టం కొత్తది, ముందు చక్రాల హోస్‌లు కొత్తవి, బ్రేక్ ప్యాడ్లు కొత్తవి, ఫ్లూయిడ్ సీలు తియ్యని డబ్బా. తుప్పు లేకపోతే ఇనుము పాతదైనా పర్లేదు, కంపెనీ చేసిన ఇనుము. రబ్బరు పాతదైతే ప్రాణం మీదికి వస్తుంది. ఇది తెలిసిన నన్ను పట్టుకుని చచ్చిన బండి అంటారు!

మేస్త్రి ఇవాళ ఇంకో పని చేశాడు. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య పుష్ రాడ్ ఒకటుంటుంది, అది పిసరంత పొడుగున్నా పెడల్ వదిలాక కూడా బ్రేకు పూర్తిగా వదలదు, పోనుపోను చక్రాలు పట్టేస్తాయి. ఆ సందు కొలవడానికి వంటింట్లోంచి చపాతీ పిండి ముద్ద అడిగాడు. రాడ్ కొనకి అంటించి, మాస్టర్ సిలిండర్ బిగించి, మళ్లీ విప్పి, నలిగిన పిండి మందం చూశాడు. రాడ్ ఒక చుట్టు లోపలికి తిప్పాడు. మళ్లీ పిండి. మూడోసారికి సరిపోయింది. (మా ఆవిడ నవ్వు బొమ్మ దీనికే అయి ఉంటుందని నన్ను నేను సముదాయించుకుంటున్నాను.) ఏ షోరూంలో చేస్తారండీ ఇంత ఓపిగ్గా? షోరూంలో అడిగితే "ఈ మోడల్‌కి పార్ట్స్ రావట్లేదు సార్, ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంది" అన్నాడు. నేను బ్రేకు అడిగితే వాడు ఈఎంఐ చూపిస్తాడు.

గవర్నమెంట్ మాత్రం తక్కువా? ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే 2025 నుంచి ఫీజు 10,000. 2022కి ముందు 600 ఉండేది. పోనీ అంత డబ్బు తీసుకునేది బండి బాగుందో లేదో చూడటానికా అంటే, పోయినసారి మా బండి చూసినాయన హారన్ కొట్టమన్నాడు, లైటు వెయ్యమన్నాడు, ఛాసిస్ నంబరు చూశాడు, అయిపోయింది. బ్రేకు మీద కాలు పెట్టిన పాపాన పోలేదు.

సరే, అసలు ఈ సలహా ఇచ్చింది ఎవరో చూద్దాం. బావగారి కొత్త కారు చక్రాల్లోంచి ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి చూశారా, పెద్ద రేసు కారు కాలిపర్లలాగా? అవి కాలిపర్లు కావు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ మూతలు. లోపల కంపెనీ ఇచ్చిన మామూలు కాలిపరే. అదీ ముందు చక్రాలకి. వెనక చక్రాలకి డిస్కే లేదు మహాప్రభో, డ్రమ్ము! ఆ డ్రమ్ము వెనక క్లాంపు పెట్టి మరీ ఎర్ర మూత బిగించారు. అత్తయ్యగారి ముందు బానెట్ మీద చెయ్యి వేసి "స్పోర్ట్స్ బ్రేక్స్" అని చెబుతుంటే నేను పులిహోర తింటూ అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. అక్క మొహం చూసి ఊరుకున్నాను.

ఇలా ఊరుకోవడం నాకు కొత్త కూడా కాదు. 2016లో ఏలూరులో పెళ్లికి బావగారు ఇదే 800 అడిగి తీసుకెళ్లారు. వెళ్లేటప్పుడు హ్యాండ్ బ్రేకు రెండు నొక్కులు మీదే ఉండిపోయింది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉందట, "పాత బండి కదా, ఏవో లైట్లు వెలుగుతాయిలే" అనుకున్నారట. హనుమాన్ జంక్షన్ దాటాక వెనక సీట్లో మా పెద్దమ్మ "ఏదో మాడుతోందర్రా" అంటే, పక్క పొలంలో గడ్డి తగలబెడుతున్నారని చెప్పి అద్దాలు ఎక్కించారు. ఏలూరు చేరేసరికి వెనక డ్రమ్ముల మీద నీళ్లు పోస్తే చుయ్యిమని ఆవిరి. ఆ వేడి మీద నీళ్లు పొయ్యకూడదని కూడా తెలీదు. తిరిగొచ్చాక నాకు చెప్పిన మాట ఒక్కటే, "నీ బండి పికప్ లేదయ్యా."

డ్రమ్ముల లోపలి బ్రేకు షూలు నల్లగా మాడి పెంకుల్లా ఊడొచ్చాయి. కొత్త షూలు, వీల్ సిలిండర్ కిట్లు, మేస్త్రి కూలి అన్నీ కలిపి 1,450 అయింది. పై నెల ఇస్తానన్నారు. ఆ పై నెల ఇంకా రాలేదు.