కాలాజీరా విత్తనం ఎవరి చేతికి?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. ధాన్యం వ్యాపారం చేసే మావయ్య, వరి మీద పరిశోధన చేస్తున్న మేనకోడలు. ఒక విశ్వవిద్యాలయం విత్తన కంపెనీతో కలిసి కాలాజీరా లాంటి గిరిజన రైతుల నాటు వరి రకాలు సేకరిస్తానంటోంది. ఇవ్వాలా వద్దా అన్నదే తగువు.

మేనకోడలు: ఇవ్వాలి మావయ్యా. ముంపు తట్టుకునే వరి స్వర్ణ సబ్-1 సంగతే చూడండి. మూల రకం స్వర్ణ మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టింది. దానికి ముంపు తట్టుకునే గుణం వచ్చింది ఒడిశా నాటు రకం ధాల్‌పుటియా నుంచి. దాన్నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఎ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు చేరింది. వాళ్లు, కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు కలిసి 2006లో ఆ గుణానికి కారణమైన జన్యువును బయటపెట్టారు. 2009లో వంగడం మన రైతుకి అందింది. మునిగినప్పుడు ఎదుగుదల ఆపి శక్తి దాచుకుంటుంది, నీళ్లు తీశాక చిగురేస్తుంది. ఎవరి గింజ వాళ్లు పట్టుకు కూర్చుంటే ఇది జరిగేదా?

మావయ్య: జరగదు, ఒప్పుకుంటాను. మరి ధాల్‌పుటియాని తరతరాలుగా కాపాడిన రైతు పేరు చెప్పమ్మా.

(మేనకోడలు మాట్లాడదు. అడగాల్సిన ప్రశ్నే అది.)

మావయ్య: మన కాలాజీరా ఉంది. నల్లటి చిన్న గింజ, ఉడుకుతుంటే వీధంతా ఘుమఘుమ. 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. జీఐ కాపాడేది పేరునే. ఆ వాసన ఇంకో వంగడంలోకి ఎక్కించి వేరే పేరుతో అమ్మితే? పైగా పరిశోధనకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడు. 2023లో జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం తెచ్చినప్పుడు ఐదేళ్లకు 50 వేల కోట్లన్నారు. అందులో 36 వేల కోట్లు కేంద్ర ప్రభుత్వం కాక కంపెనీల లాంటి బయటివాళ్ల నుంచి రావాలట. పెట్టినవాడు ఊరికే పెడతాడా?

మేనకోడలు: అందుకేగా 2001 నాటి రైతు హక్కుల చట్టం! ఊళ్లో రైతులంతా కలిసి తమ రకాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు, ఫీజు కూడా ఉండదు. దాన్ని వాడి కొత్త రకం చేసిన కంపెనీ నుంచి వాటా అడగొచ్చు.

మావయ్య: కొండ మీది రైతు ఢిల్లీ దాకా వెళ్లి అడుగుతాడా?

మేనకోడలు: ఆ బాధ్యత విశ్వవిద్యాలయానిదేనని ఒప్పందంలో రాయిద్దాం. సంచి కదలకముందే రిజిస్ట్రేషన్ పూర్తి కావాలి. పరిశోధన పత్రంలో రైతుల పేర్లూ ఉండాలి. కానీ డేటా మాత్రం అందరికీ అందుబాటులో ఉండాల్సిందే. అందులో తగ్గను.

మావయ్య: డేటాకి నాకేం అభ్యంతరం లేదు. విత్తనం మాత్రం సంతకాలయ్యాకే. ఒప్పందం ఒడియాలో రాయించు, గ్రామసభలో చదివించు.

మేనకోడలు: అదంతా అయ్యేసరికి ఏడాది పడుతుంది. ఈలోపు ముసలి రైతులు ఆ రకాలు వేయడం మానేస్తే అసలుకే మోసం.

మావయ్య: కాపాడ్డానికి కంపెనీ ఎందుకమ్మా? జయపురంలోనే స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది. ముందు అక్కడ దాచమందాం, రేపే వెళ్లి అడుగుదాం.