గేటుకు బయటి నుంచి తాళం వేస్తే అది మోసం కేసేనా?

రాజోలు వైపు ఓ ఊళ్లో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకావిడ తన గోడు చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. "గేటుకి బయట నించి తాళం ఏసేసేవోరండీ." ఖద్దామా వీసా మీద ఇంటిపనికి వెళ్లింది. దిగిన రోజే పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఫోను శుక్రవారం మాత్రమే, అదీ యజమానురాలి ఎదుటే. జీతం అడిగితే "నీ కోసం ఏజెంటుకి డబ్బు కట్టాం" అనేవారట. ఇక్కడ ఆమె ఫిర్యాదు మోసం కేసైంది. కాగితం మీద ఏజెంటుకిచ్చిన డబ్బు లెక్క ఉంది, తాళం ఊసు లేదు.

కోనసీమలో ఇలాంటి కథలు కొత్త కాదు. దీన్ని బానిసత్వం అనడానికి మనం ఎందుకు జంకుతున్నాం? బోస్నియా యుద్ధంలో ఫోచా పట్టణంలో మహిళలను నిర్బంధించిన కునారాచ్ కేసులో, 2001లో యుగోస్లావియా ట్రైబ్యునల్ (అక్కడి యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు) బానిసత్వాన్ని ఎలా గుర్తించాలో చెప్పింది. సంకెళ్లే ఉండక్కర్లేదు. కదలికల మీద అదుపు, పారిపోకుండా కట్టడి, బెదిరింపు, బలవంతపు చాకిరీ, వీటిని చూడాలంది. అది యుద్ధకాలపు కేసు, నిజమే. పౌరులపై పెద్ద ఎత్తున లేదా ఒక పద్ధతి ప్రకారం సాగే దాడిలో భాగమైతేనే మానవత్వంపై నేరం అంటారు, ఒక ఇంట్లో జరిగినదాన్ని అలా అనలేం. కానీ ఆ కొలమానం మనకు పనికొస్తుంది.

ఎందుకంటే దోపిడీ కోసం మనుషుల్ని అక్రమంగా తరలించడాన్ని శిక్షించే ఐపీసీ 370ని 2013లో సవరించినప్పుడే ఆ దోపిడీలో బానిసత్వాన్నీ చేర్చారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో ఇప్పుడది 143. బాధితురాలు ఒప్పుకుందన్న వాదన చెల్లదు, కనీస శిక్ష ఏడేళ్లు. అయితే బానిసత్వం అంటే ఏమిటో ఆ సెక్షన్ చెప్పదు.

జడ్జి కొత్త నేరాన్ని సృష్టించకూడదన్నది సరైన అభ్యంతరమే. చేసినప్పుడు నేరం కాని పనికి తర్వాత శిక్ష వేయకూడదనే రాజ్యాంగం 20(1) అధికరణ దానికి ఒప్పుకోదు. మానవత్వంపై నేరాలు మన శిక్షాస్మృతిలో లేవని, ఆ లోటు తీర్చాలని 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసు తీర్పులో 2018లో ఢిల్లీ హైకోర్టే అంది. ఇక్కడ నేరం ఉంది, పదానికి అర్థం చెప్పుకోవడమే మిగిలింది. చట్టం మౌనంగా ఉన్నచోట అంతర్జాతీయ ఒప్పందాల సాయం తీసుకోవడం పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులకు సంబంధించిన విశాఖ కేసులో (విశాఖ అన్నది ఒక సంస్థ పేరు) 1997లో సుప్రీంకోర్టు చేసిన పనే.

"అక్కడి సంగతి నాకేం తెలుసు" అంటాడు ఏజెంటు. నేరం విదేశంలో జరిగిందని, కేంద్రం అనుమతి కావాలని అతని లాయరు అంటాడు. మభ్యపెట్టి మనిషిని పంపింది మాత్రం ఇక్కడినుంచే. తిరిగొచ్చినవాళ్ల ఏడుపు విన్నాక కూడా మళ్లీ ఇంకొకరిని అదే ఇంటికి పంపినవాడికి తెలియదంటే ఎలా నమ్మాలి?

ఫిర్యాదు రాసుకునే స్టేషన్లో ఎంత డబ్బిచ్చావు అని ఆమెను మూడుసార్లు అడిగారట. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేదని ఒక్కసారీ అడగలేదు.