ఇల్లరికపు అల్లుడి ఆత్మగౌరవం

అమెరికా యూనివర్సిటీల స్వతంత్ర ప్రతిపత్తి మీద నాకున్న గౌరవం అంతా ఇంతా కాదు. అంతటి స్వతంత్రుణ్ణి నేను బయట ఒక్కచోటే చూశాను, మా ఊళ్ళో ఇల్లరికం వచ్చిన ఒకాయనలో. మామగారి ఇంట్లో ఉండేవాడు, మామగారి పొలం చేసేవాడు, మామగారి బండి మీద తిరిగేవాడు, సాయంత్రం రచ్చబండ మీద కూర్చుని మాత్రం "మా ఇంట్లో నా మాటకి తిరుగులేదు" అనేవాడు. అబద్ధం అనడానికి లేదు. మామగారు ఊళ్ళో లేని రోజుల్లో నిజంగానే తిరుగుండేది కాదు.

2025లో మామగారు ఊళ్ళోకి దిగారు.

ఆ ఏప్రిల్లో హార్వర్డ్‌కి వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి ఉద్యోగాలివ్వాలి, ఏయే విభాగాలను బయటివాళ్ళ చేత తనిఖీ చేయించాలి అని పెళ్ళి సామాన్ల చీటీలా అన్నీ అందులో రాసిపెట్టారు. హార్వర్డ్ ప్రెసిడెంట్ అలన్ గార్బర్ గారు మా స్వతంత్రాన్ని వదులుకోం అని గట్టిగా జవాబిచ్చారు. దేశమంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఆ చప్పట్లు ఆగకముందే, కొన్ని గంటల్లోనే, 220 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఆగిపోయాయి. నాలుగు వందల ఏళ్ళకి దగ్గరపడుతున్న, దేశం పుట్టకముందే పుట్టిన సంస్థ కదా, ఇంత డబ్బు ఎప్పుడు అలవాటైందో దానికే గుర్తున్నట్టు లేదు.

అప్పుడు అందరూ అడిగిన మాట ఒకటే. బీరువాలో 5,300 కోట్ల డాలర్ల ఎండోమెంట్ పెట్టుకుని ప్రభుత్వం దగ్గర చేయి చాచడమేమిటి? ఈ మాట అడిగేవాళ్ళకి గుడి లెక్కలు తెలియవు. దేవుడికి ఎన్ని నగలున్నాయో రిజిస్టరులో రాసి ఉంటుంది, అలాగని కంఠాభరణం అమ్మి పూజారి జీతం ఇవ్వరు. ఎండోమెంటూ అంతే. చాలా భాగం దాతలు ఫలానా పనికే అని రాసిచ్చి పోయిన డబ్బు. గ్రీకు నాణేల అధ్యయనానికి ఇచ్చిన సొమ్ముతో క్యాన్సర్ ల్యాబ్ కరెంటు బిల్లు కడితే దాత మనవలు లాయర్ని వెంటబెట్టుకుని వస్తారు. కాబట్టి ఏటా ఐదు శాతం ఇటూ అటుగా తీసుకుని తింటారు, మిగతాది పెరగనిస్తారు, అది పెరిగిన కొద్దీ ఇంకా పెంచుకోవాలనిపిస్తుంది. మా ఊరి అల్లుడు కూడా తన వాటాకి వచ్చిన రెండెకరాలూ కౌలుకిచ్చి ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకునేవాడు. భోజనం మామగారిదే కదా.

ఈ సంబంధం ఎప్పుడు కుదిరిందంటే, నిశ్చితార్థం 1862లో అయింది. మోరిల్ చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం కాలేజీలు పెట్టుకోండని రాష్ట్రాలకి భూములిచ్చింది, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌లో ఒక్కో సభ్యుడికి 30 వేల ఎకరాల లెక్కన. పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చినట్టన్నమాట. ఆ పొలం అంతకుముందు అక్కడి ఆదివాసీ తెగలది, వాళ్ళని పెళ్ళికి పిలవలేదు. అయినా కాపురం వెంటనే మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం దాకా పెద్ద యూనివర్సిటీలు పరిశోధన ఖర్చుకి రాక్‌ఫెల్లర్, కార్నెగీ లాంటి ధర్మసంస్థల గుమ్మం తొక్కేవే కానీ, ప్రభుత్వం డబ్బంటే పెత్తనం వస్తుందని జంకేవి. ఆ జంకు ఎంత తెలివైనదో ఇప్పుడు అర్థమవుతోంది.

యుద్ధంలో రాడార్ కావాలి, అణుబాంబు కావాలి, పెన్సిలిన్ కావాలి. ప్రభుత్వం దగ్గర డబ్బుంది, మనుషులు లేరు. యూనివర్సిటీల దగ్గర మనుషులున్నారు, డబ్బు లేదు. ఇంతకంటే మంచి జాతకాలు ఎక్కడ కలుస్తాయి? 1945లో వానెవర్ బుష్ అనే ఇంజనీరు దేశాధ్యక్షుడు ట్రూమన్ చేతికి ఒక నివేదిక ఇచ్చి, యుద్ధం అయిపోయినా ఈ ఏర్పాటు ఆపకండి, డబ్బు మీరివ్వండి, ఏం పరిశోధించాలో వాళ్ళని తేల్చుకోనివ్వండి అన్నాడు. డబ్బు ఇచ్చేవాడు నోరు మూసుకుని ఇవ్వాలి అనే ఈ గొప్ప సూత్రం ఎనభై ఏళ్ళు నడిచింది. నన్నడిగితే అణుబాంబు కంటే ఇదే పెద్ద ఆవిష్కరణ. మన ఇళ్ళల్లో ఏ అల్లుడూ ఒప్పించలేనిది ఆయన ఒక ప్రభుత్వాన్ని ఒప్పించాడు.

దాని ఫలితం ఇదీ. 2023లో అమెరికా యూనివర్సిటీలు పరిశోధన మీద పెట్టిన ఖర్చు దాదాపు 10,900 కోట్ల డాలర్లు, అందులో సగం పైన, 55 శాతం, ఫెడరల్ ఖజానాదే. జాన్స్ హాప్కిన్స్ ఏళ్ళ తరబడి ఈ పట్టికలో మొదటి స్థానం ఎవరికీ వదలడం లేదు. మొదటి స్థానానికి దక్కిన బహుమానం ఏమిటంటే, 2025 మార్చిలో అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ గ్రాంట్లు రద్దయ్యేసరికి 80 కోట్ల డాలర్లు పోయి ఒక్కసారిగా రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేయాల్సి వచ్చింది. ఎంత చెట్టుకి అంత గాలి.

ఇక అసలు కథ ఓవర్‌హెడ్‌లో ఉంది. ప్రొఫెసర్ చేసే పరిశోధనకి ప్రభుత్వం 100 డాలర్లు ఇస్తే, ఆయన కూర్చునే భవనానికి, ఏసీకి, ఎలుకలు పెంచే గదికి, లెక్కలు రాసే గుమాస్తాలకి అని యూనివర్సిటీకి విడిగా ఇంకొంత ఇస్తుంది. హార్వర్డ్‌కి ఆ రేటు 69 శాతం. అంటే, కొన్ని ఖర్చులు మినహాయిస్తే, ప్లేటు భోజనం 100, గ్యాసు, గిన్నెలు, వడ్డించేవాళ్ళు, టెంటు కలిపి మరో 69. ఇది దోపిడీ అనేవాళ్ళు ఎప్పుడూ రెండొందల మందికి వండి ఉండరు. ఇందులో దోపిడీ ఏముంది అనేవాళ్ళు ఎప్పుడూ కేటరింగ్ బిల్లు కట్టి ఉండరు.

ఆ బిల్లు ఒకసారి నిజంగానే చూశారు. 1990 ప్రాంతంలో నేవీ తరఫున స్టాన్‌ఫర్డ్ లెక్కలు తనిఖీ చేసేవాడొకడు ఓవర్‌హెడ్ పుస్తకాలు తెరిస్తే, అందులోంచి 72 అడుగుల విహారనౌక బయటికొచ్చింది. పేరు విక్టోరియా. దాని తరుగుదల కింద 1,80,000 డాలర్ల పైచిలుకు పరిశోధన ఖర్చుల్లో కలిసిపోయి ఉంది. ప్రెసిడెంట్ గారింట్లో పువ్వులు, దుప్పట్లు, దేవదారు చెక్క అల్మరా కూడా. 1,200 డాలర్ల పాత ఇటలీ కమోడ్ కూడా ఉంది, మీరనుకునేది కాదు, సొరుగుల బల్లని అక్కడ అలా అంటారు, అయినా మొదట చదివినప్పుడు నేనూ మీరనుకున్నదే అనుకుని ప్రభుత్వం మరీ ఇంతగా చూసుకుంటుందా అని చలించిపోయాను. కాంగ్రెస్ విచారణకి పిలిచింది, ప్రెసిడెంట్ డోనల్డ్ కెనెడీ పదవి వదిలేశారు. చివరికి 1994లో, స్టాన్‌ఫర్డ్ మోసం చేయలేదని ప్రభుత్వమే ఒప్పుకుని, 12 లక్షల డాలర్లు కట్టించుకుని ఫైలు మూసేసింది. నౌక మాత్రం జనం నోళ్ళలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2025 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం, వైద్య పరిశోధన గ్రాంట్లన్నిటికీ ఓవర్‌హెడ్ 15 శాతమే, సోమవారం నుంచే అమలు అని ప్రకటించినప్పుడు, ఒక్కరైనా ఆ నౌక తాడు లాగకుండా మాట్లాడలేదు. కోర్టులు ఆ ఉత్తర్వుని ఆపాయి. ఆ శని, ఆదివారాల్లో దేశంలో యూనివర్సిటీల వైస్ ప్రెసిడెంట్లెవరూ నిద్రపోయి ఉండరు.

ఈ ఉప్పు నేనూ తిన్నాను కాబట్టి చెప్తున్నా. అక్కడ ఒక యూనివర్సిటీలో, పేరెందుకు లెండి, నేను ఆర్‌ఏగా, అంటే రీసెర్చ్ అసిస్టెంట్‌గా, చేసిన ల్యాబ్‌లో మా ప్రొఫెసర్ గారు సైన్సు చేయగా నేను పెద్దగా చూడలేదు. సైన్సు మేం చేసేవాళ్ళం, ఆయన గ్రాంటు రాసేవాడు. ఒకటి ముగిసేలోపు ఇంకొకటి రాకపోతే ఫ్రీజర్‌లో శాంపిల్స్‌తో పాటు మేమూ గడ్డకట్టాలి. 2013 అక్టోబరులో బడ్జెట్ కుదరక ప్రభుత్వం పదహారు రోజులు మూతపడినప్పుడు, గ్రాంట్లిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైటు కూడా ఆగిపోయింది. ఆ వారమే మా డిపార్ట్‌మెంటులో విద్యా స్వేచ్ఛ మీద సెమినార్. ప్రభుత్వ నీడ పడని చోటే జ్ఞానం వికసిస్తుందని పెద్దాయన ఒకరు వేదిక మీద చెబుతుంటే, మా ప్రొఫెసర్ వెనక వరసలో కూర్చుని ఫోన్‌లో ఆ వెబ్‌సైటుని నిమిషానికోసారి రిఫ్రెష్ చేస్తున్నాడు. నేను పిజ్జా కోసం వెళ్ళాను. పిజ్జా కూడా ఓవర్‌హెడ్‌లోంచే వచ్చిందేమోనని ఇప్పుడు అనుమానం.

అలాగని మామగారు ఏదో ధర్మం చేస్తున్నారనుకుంటే పప్పులో కాలేసినట్టే. సొంతంగా ల్యాబులు కట్టి, సొంతంగా మనుషుల్ని పెట్టి, పెన్షన్లు ఇచ్చి నడిపించాల్సిన పని వందల క్యాంపస్‌లకి పంచేసి, నెలకి ఓ మాదిరి స్టైపెండ్‌తో రాత్రి రెండింటిదాకా పనిచేసే పిల్లల చేత చేయించుకోవడం ఎంత లాభసాటి బేరమో ఆయనకి తెలుసు. పంట పండినప్పుడు మాత్రం లెక్కలు కాస్త అటూ ఇటూ అవుతాయి. సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టులోనే స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌కి విత్తనం వేశారు. 1980 నాటి బే-డోల్ చట్టం ప్రకారం పేటెంటు యూనివర్సిటీది. దాని బదులు వచ్చిన షేర్లు అమ్మి స్టాన్‌ఫర్డ్ 33 కోట్ల డాలర్ల పైగా జేబులో వేసుకుంది. విత్తనాలు మామగారివి, కుప్ప అల్లుడిది, మామగారికి దక్కింది ఉచితంగా గూగుల్‌లో వెతుక్కునే భాగ్యం.

కొలంబియా యూనివర్సిటీ విషయానికొస్తే నా మాటలు తడబడతాయి. 2025 మార్చిలో ప్రభుత్వం 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు రద్దు చేసింది. జులైలో రాజీ కుదిరింది. రాజీ అంటే మామగారు ఎంతో కొంత తగ్గి అల్లుడికి స్కూటర్ కొనిపెట్టడం అని నాకు తెలిసిన అర్థం. ఇక్కడ అల్లుడే మామగారికి మూడేళ్ళలో 20 కోట్ల డాలర్లు కడతానన్నాడు, మరో ఫిర్యాదు కింద ఇంకో 2.1 కోట్లు. అలకపాన్పు ఎక్కిన అల్లుడు దిగడానికి తనే ఎదురు కట్నం ఇచ్చుకోవడం మన పురాణాల్లో ఎక్కడా లేదు. హార్వర్డ్ మాత్రం కోర్టుకెక్కింది, సెప్టెంబరులో జడ్జి అలిసన్ బరోస్ గ్రాంట్లు ఆపడం చట్టవిరుద్ధం అని తీర్పిచ్చారు. ప్రభుత్వం డబ్బు మనకి హక్కుగా రావాలని ప్రభుత్వం మీదే కేసు గెలవడాన్ని స్వతంత్రం అంటారు.

అసలు పైసా కూడా తీసుకోని వాళ్ళు లేరా అంటే ఉన్నారు. మిషిగన్‌లో హిల్స్‌డేల్ కాలేజీ, పెన్సిల్వేనియాలో గ్రోవ్ సిటీ కాలేజీ. గ్రోవ్ సిటీ వాళ్ళు మేం ప్రభుత్వం దగ్గర తీసుకోవడం లేదు కదా, మాకెందుకు మీ నిబంధనలు అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మీరు తీసుకోకపోయినా మీ పిల్లలు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్లు తీసుకుంటున్నారు, అది మీ చేతికి వచ్చినట్టే అని 1984లో కోర్టు చెప్పింది. అప్పుడా కాలేజీ పిల్లల గ్రాంట్లు కూడా వద్దంది. ఇలాంటివాళ్ళ గురించి మాట్లాడితే మిగతా యూనివర్సిటీలు, బంధువుల్లో వేరు కాపురం పెట్టినవాడి ప్రస్తావన వచ్చినట్టు, మాట మార్చేస్తాయి.

పెల్ గ్రాంటు అంటే మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పెద్దన్న. పేద పిల్లవాడి పేరు మీద ఏడాదికి 7,395 డాలర్ల దాకా వస్తుంది. దాని పక్కనే విద్యారుణాలు, మొత్తం బాకీ సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు. అప్పు పిల్లవాడిది, డబ్బు కాలేజీది. కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఇదే వరస. గుంటూరులోనో కర్నూలులోనో ఎంబీబీఎస్ చేసి అక్కడ రెసిడెన్సీ చేసే మన డాక్టర్ల శిక్షణ ఖర్చులో పెద్ద వాటా మెడికేర్, అంటే అక్కడి ముసలివాళ్ళకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, ఖాతాలోదే.

ఇన్ని కుండల్లోంచి వడ్డిస్తున్నా, ఒక్కరికి మాత్రం ఆ విస్తరి వేయరు. 2023-24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్ళు ఎందరో లెక్క అక్కర్లేదు, డాలస్‌లో ఉగాది రోజు పార్కింగ్ వెతుక్కుంటే తెలుస్తుంది. వీళ్ళకి పెల్ లేదు, ఫెడరల్ లోన్ లేదు. నల్గొండలో ఇల్లు తాకట్టు పెట్టి ఎంఎస్‌కి పూర్తి ఫీజు కడతారు. మామగారు చేయి బిగించినప్పుడల్లా అల్లుడు ఇటు చూసి ప్రేమగా నవ్వేది అందుకే. 2025 మే చివర్లో మామగారు ఆ దారి కూడా చూశారు, స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలకి కొత్త అపాయింట్‌మెంట్లు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేశారు.

మొన్న మా అన్నయ్య కొడుకు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. పీహెచ్‌డీ ఆఫర్ వచ్చింది, ఫుల్ ఫండింగ్ అట.

"బాబాయ్, లెటర్‌లో చివర ఒక లైనుంది. నిధుల లభ్యతకు లోబడి అని. అంటే ఏంటి?"

"అంటే మామగారి మూడ్ బాగుంటే అని రా."

"ఏ మామగారు?"

"అదో పెద్ద కథలే. నువ్వు ముందు సర్టిఫికెట్లు పంపించు, వాళ్ళు ఒరిజినల్స్ అడుగుతారు."

కాసేపు మాట్లాడలేదు వాడు.

"అవి కాలేజీలోనే ఉన్నాయి బాబాయ్. రీయింబర్స్‌మెంట్ రాలేదంట, అది వచ్చేదాకా ఇవ్వమంటున్నారు."