అబ్బాయి క్రిస్టియనే, కానీ మనోళ్లే

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దైవశాస్త్ర పండితులు ఎంతమంది ఉన్నారో ఏ సర్వేలోనూ తేలదు. వాళ్లు బయటపడాలంటే ఇంట్లో ఆడపిల్ల నోరు తెరిచి "నేను ఫలానా అబ్బాయిని చేసుకుంటా, వాళ్లు చర్చికి పోతారు" అనాలి. అప్పటిదాకా యూరియా బస్తాల లెక్క తప్ప మరొకటి పట్టని మేనమామ ఆ రాత్రికే విగ్రహారాధన గురించి గంటసేపు మాట్లాడతాడు. గుడి మెట్లెక్కి ఎన్నేళ్లయిందో గుర్తులేని చిన్నాయనకు ధర్మం ఆపదలో పడ్డ సంగతి అప్పుడే తెలుస్తుంది. ఇలాంటి పెద్దల్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. వాళ్ల అభ్యంతరం అచ్చంగా మతపరమైనదని, అందులో ఇంకే మతలబూ లేదని నిరూపించడానికే ఈ వ్యాసం.

మనవాళ్లకు వేరే దేవుడంటే పడదని కొందరు అంటారు. అది అన్యాయం. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని కందూరు విందు చేసే హిందువులు తక్కువేం కాదు. పీర్ల పండుగకు పీరు ఎత్తుకునేది చాలా ఊళ్లలో మనోళ్లే. నూరేళ్ల కిందటే మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు పాలమూరు, దేవరకొండ వైపు వచ్చి బళ్లూ ఆస్పత్రులూ పెట్టారు. జడ్చర్ల మిషన్ ఆస్పత్రిలో కాన్పుకు పోయినప్పుడు నర్సమ్మ ప్రార్థన చేస్తే వద్దన్నవాళ్లను చూడలేదు. 'సెయింట్' అని మొదలయ్యే బడిలో పిల్లవాడికి సీటు కావాలంటే ఫాదర్‌గారికి దండం పెట్టనివాడు లేడు. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పాస్టరుగారిని పిలిచి నూనె ప్రార్థన చేయించిన ఇళ్లు నాకు తెలుసు. గేదెది ఏ మతమని ఎవరూ అడగలేదు.

పెళ్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం శాస్త్రం శాస్త్రమే. "పోరడు మంచోడే, నౌకరీ మంచిదే, గాని మతం వేరాయె" అంటాడు పిల్ల తండ్రి. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. అవిశ్వాసితో జోడు కట్టొద్దని బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి ఎప్పుడో రాశాడని పాస్టరుగారు గుర్తుచేస్తారు. అమ్మాయి బాప్తిస్మం తీసుకుంటే పౌలుకు అభ్యంతరం ఉండదని కూడా ఆయనే చెబుతారు.

ఇక చర్చలు. ఇలాంటి చర్చ ఒకటి బొట్టు దగ్గర మూడు వారాలు ఆగింది. అబ్బాయి తల్లి వద్దంటుంది. అమ్మాయి తల్లి, బొట్టు లేకుండా శుక్రవారం పూట బిడ్డ గడప దాటితే తాను బతికి ఉండి లాభం లేదంటుంది. చివరికి మెరూన్ రంగు స్టిక్కరు, ఆవగింజంత సైజు, అని ఒప్పందం కుదిరింది. ఫొటోలో ఇటువాళ్లకు కనబడుతుంది, అటువాళ్లకు కనబడదు. ఆవగింజ ప్రస్తావన తమ గ్రంథంలోనూ ఉందని పాస్టరుగారు సంతోషంగా ఒప్పుకున్నారు. పుస్తెతో పేచీ రాలేదు. తెలుగు క్రైస్తవుల పెళ్లిళ్లలోనూ పుస్తె కడతారు, కాకపోతే దాని మీద సిలువ ఉంటుంది. కట్నం మాట పది నిమిషాల్లో తేలింది. దానికి ఏ గ్రంథంలో వచనం ఉందని ఎవరూ అడగలేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం గురించి ఆ గదిలో ఎవరికీ ధర్మసందేహం రాలేదు. రెండు మతాలూ ఇంత తొందరగా ఏకమయ్యే చోటు ఇంకోటి లేదు.

చట్టాన్ని అడుగుదామంటే అది ఇంకో పురాణం. భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. ఇద్దరిలో ఒక్కరు క్రిస్టియన్ అయితే చాలు, దాని కింద పెళ్లి చేయొచ్చు. అయితే పెళ్లి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు జరగాలి (క్యాథలిక్కుల వంటి కొందరికి సడలింపు ఉంది). మన పంతులుగారు ముహూర్తం తెల్లవారుజామున 2:41కి పెట్టారనుకోండి, చట్టం నిద్రలో ఉంటుంది. ఇందులో ఒక లాభం లేకపోలేదు. ముహూర్తం పట్టింపు లేని పెళ్లికి ఆషాఢంలో ఫంక్షన్ హాలు చవగ్గా దొరుకుతుంది. మతసామరస్యం గురించి ఇంత గట్టి వాదన నాకు ఎక్కడా తగల్లేదు.

"ఇదంతా ఎందుకు, యాదగిరిగుట్టకు పోయి మూడు ముళ్లేస్తే అయిపోతది" అనే మధ్యవర్తి ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. అయిపోదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ హిందువులే కావాలి. క్రైస్తవ అబ్బాయి, హిందూ అమ్మాయి హిందూ పద్ధతిలో చేసుకున్న పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరి మతం వాళ్లు ఉంచుకునే వాళ్ల కోసం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అర్జీ ఇచ్చాక ముప్పై రోజులు ఆగాలి. ఆ ముప్పై రోజులూ ఇద్దరి పేర్లూ, చిరునామాలూ రాసిన నోటీసు ఆఫీసు గోడ మీద ఉంటుంది. బంధువులకు శుభలేఖలు పంచే ఖర్చు సర్కారే భరిస్తోందన్నమాట. వచ్చేవాళ్లు అక్షింతలతోనే వస్తారన్న హామీ మాత్రం ఇవ్వలేదు. అదే చట్టంలో ఇంకో ముచ్చట ఉంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద వేరే మతంవాళ్లను పెళ్లి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. "ఇయ్యాల్టి నుంచి నువ్వు మా ఇంటోడివి కాదు" అని తండ్రి అరిచేదీ అదే. కాకపోతే, విడిపోయినవాడికి వాటా ఉంటుందనే సంగతి అరిచేటప్పుడు గుర్తుకు రాదు.

ఇంతవరకు వాదన బాగానే నడిచింది. ఒక్క చిన్న చిక్కు వచ్చిపడింది. అదే పెళ్లిచూపుల్లో అబ్బాయి పేరు చివర మనకు తెలిసిన తోక ఉంటే "అబ్బాయి క్రిస్టియనే, కానీ మనోళ్లే" అనే మాట వినబడుతుంది. ఆ ఒక్క మాటకు పౌలూ, విగ్రహారాధనా, ఏకేశ్వరవాదమూ అన్నీ సర్దుకుంటాయి. ఆదివారం చర్చి, శనివారం గుడి, మధ్యలో బిర్యానీ.

ఆ తోక లేనివాడి సంగతి వేరు. అతని తాత పేరు యోహాను. అతని సర్టిఫికెట్‌లో 'ఎస్సీ, హిందూ' అని ఉంటుంది. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు తప్ప మిగతావాళ్లు ఎస్సీలు కారు. క్రిస్టియన్ అని రాయించుకుంటే వెనుకబడిన తరగతుల్లోని 'సీ' గ్రూపు, అంటే బీసీ-సీలోకి పోవాలి, అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం. తహసీల్దారు లెక్కలో అతను హిందువు, పాస్టరుగారి రిజిస్టరులో క్రైస్తవుడు. పిల్ల మేనమామ ఈ రెండు కాగితాలూ చూడడు. "మీ ఇల్లు ఊళ్లోనా, వాడలోనా?" అని ఒక్కటే అడుగుతాడు. గుడిసెలో ఉన్నా, డూప్లెక్సులో ఉన్నా జవాబు మారదు.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించి బయటికి వస్తున్న భర్తను నరికి చంపారు. అతనిది దళిత క్రైస్తవ కుటుంబం. అమ్మాయిది వైశ్యుల ఇల్లు. చంపించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. ఆయన తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ కేసు నడిచింది ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టులో. దైవశాస్త్రానికి మన దగ్గర ప్రత్యేక కోర్టు లేదు కదా.

కాబట్టి సర్కారుకు నాదొక మనవి. ప్రత్యేక వివాహ చట్టం నోటీసు ఫారంలో పేరు, వయసు, వృత్తి, చిరునామా గడులు ఉన్నాయి. చిరునామా పక్కనే 'ఊళ్లోనా, వాడలోనా' అని ఇంకో గడి గీస్తే పంచాయితీ అక్కడే తెగుతుంది. పాస్టరుగారికి ఆదివారం ప్రసంగం రాసుకునే టైము మిగులుతుంది. యాదగిరిగుట్ట మీద నరసింహస్వామికి ఇప్పటికే పెద్ద లైను ఉంది, ఈ పెళ్లి సంబంధాల్లో ఆయన పేరు వాడుకోవడం ఆపితే ఆయనకూ ఒక కేసు తగ్గుతుంది.